పిస్టల్‌తో ఫెయిలైన డ్రైవర్లు: ఒక రవాణా దళం ఆయుధాల కేసు

నేను వెళ్లేసరికే సమస్యకు పేరు పెట్టేసి ఉంచారు. "డ్రైవర్లకు గురి లేదు, రెండు వారాల పిస్టల్ శిక్షణ కావాలి" అని కాగితం వచ్చింది. ఆ పేరు సరైనదేనా అని నేను అడగలేదు. శిక్షకుణ్ణి కదా, శిక్షణ కావాలని ఎవరైనా అంటే అవునని తల ఊపడం అలవాటైపోయింది. ఆ తల ఊపుకు దాదాపు నెల రోజులు ఖర్చయింది. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

నేపథ్యం

పదాతి దళాలకు చిన్న ఆయుధాలు నేర్పడం చాలా ఏళ్లు నా పని. తర్వాత ఏ దళం చేతిలో ఏ తుపాకీ ఉంది, అది వాళ్ల పనికి సరిపోతోందా అని చూసే పనిలోకి వచ్చాను. ఈ దళం ఏ దేశానిది, ఎక్కడ ఉంటుంది, వాళ్ల తుపాకులు ఎవరు చేసినవి అన్న వివరాలు తీసేశాను. ఒకరిద్దరి హోదాలు కూడా మార్చాను. జరిగిన వరస, ప్రతి మలుపులో మేం ఎందుకలా అనుకున్నామన్నది మాత్రం మార్చలేదు.

ముప్పై మందికి కాస్త పైన ఉన్న రవాణా దళం. సరుకు లారీలు, ఒక ఇంధనం ట్యాంకరు, చెడిపోయిన బండ్లను లాగడానికి ఒక క్రేను బండి. ముందూ వెనకా నడిచే ఎస్కార్టుకు రైఫిళ్లున్నాయి. డ్రైవర్లకు, పక్కన కూర్చునే సహాయకులకు, మెకానిక్కులకు నడుముకు 9 మి.మీ. పిస్టల్, 15 రౌండ్లు, అంటే తూటాలు, పట్టే మ్యాగజైన్లు రెండు. ఎవరికి ఏ ఆయుధమో చెప్పే ఆ పట్టిక పాతది. యుద్ధం ముందు వరసలో జరుగుతుంది, లారీలు వెనక తిరుగుతాయి అని అందరూ నమ్మిన రోజుల్లో రాసింది. డ్రైవర్ చేతులు స్టీరింగ్ మీద ఉంటాయి, వాటికి అడ్డం రాని ఆయుధం ఏదో ఒకటి ఉంటే చాలు అన్నది వాళ్ల లెక్క. ఆ రోజులకు అది తప్పేం కాదు.

ఆ నమ్మకం ఎంత ప్రమాదమో 2003 మార్చి 23న ఇరాక్‌లోని నాసిరియాలో తెలిసొచ్చింది. అమెరికా సైన్యంలో మరమ్మతు పనులు చూసే 507వ మెయింటెనెన్స్ కంపెనీ దారి తప్పి దాడిలో చిక్కుకుంది. 11 మంది సైనికులు చనిపోయారు. వాళ్లది యుద్ధం చేసే దళం కాదు, యుద్ధమే వాళ్ల దారిలోకి వచ్చింది. నేను చూసిన ఈ దళంలోనూ ఇలాంటి ఆలోచనతోనే వార్షిక పరీక్షను మార్చారు. అంతవరకు 10, 25 మీటర్ల దగ్గర ఆగిన పిస్టల్ పరీక్షకు 50 మీటర్ల మెట్టు కలిపారు. పరీక్ష మారింది, ఆయుధం మారలేదు. ఈ సంగతి ఇప్పుడు ఒక్క వాక్యంలో రాసేస్తున్నాను గానీ, అప్పుడు నా కంటికి ఆనలేదు.

ఎదురైన సమస్య

కొత్త మెట్టు దగ్గర డ్రైవర్లలో ఎక్కువమంది తప్పారు. అంతకు ముందు ఒక కాన్వాయ్ అభ్యాసంలో కూడా బాగా జరగలేదు. గుండు లేకుండా చప్పుడు మాత్రమే చేసే బ్లాంక్ రౌండ్లతో చేసిన అభ్యాసం అది. రోడ్డుకు 150 మీటర్ల దూరంలో ఉన్న చెట్ల వరస నుంచి "దాడి" మొదలైంది. డ్రైవర్లు దిగి, చక్రాల వెనక నక్కి, పిస్టళ్లు తీసి చెట్ల వైపు చాపారు. ఎస్కార్టు తిరిగి వచ్చేదాకా ఆ చెట్ల వరస మీద ఒత్తిడి పెట్టినవాళ్లు లేరు. పరిశీలకుడు తన నివేదికలో "ఫైరింగ్ ప్రమాణం బలహీనం" అని రాశాడు. ఆ మూడు మాటలే నాకు వచ్చిన కాగితంలోకి దిగాయి.

మొదటి ప్రయత్నం: ఇంకాస్త పిస్టల్

శిక్షణ ఎందుకు ఒప్పుకున్నానంటే, మొదటి రోజు కాల్పులు సాధన చేసే రేంజ్ మీద కనిపించిన తప్పు నిజమైనదే. మ్యాగజైన్‌లో అసలు రౌండ్ల మధ్య ఒకటి రెండు డమ్మీలు పెడతాం. ఎక్కడ ఉన్నాయో కాల్చేవాడికి తెలియదు. డమ్మీ వంతు వచ్చినప్పుడు తుపాకీ పేలదు, కానీ చెయ్యి పేలుడు కోసం ముందే బిగుసుకుని ఉంటుంది కాబట్టి తుపాకీ మూతి చటుక్కున కిందికి వంగుతుంది. ఒక్కొక్కరికీ అది వాళ్ల కళ్లతోనే చూపించాను. ఒక సహాయకుడికైతే నాలుగోసారి నవ్వొచ్చింది, "నా చెయ్యే నన్ను మోసం చేస్తోంది సార్" అన్నాడు. ఆ నవ్వు వచ్చాక మనిషి నేర్చుకుంటాడు, నా అనుభవం అది.

వారం తిరిగేసరికి 10 మీటర్ల దగ్గర గుళ్లన్నీ ఒకచోట పడుతున్నాయి. 25 దగ్గర కూడా చాలామంది గట్టెక్కారు. 50కి వెళ్తే మళ్లీ మొదటికొచ్చింది. ఇంకో వారం అదే పని చేయించాను. రౌండ్లు అయ్యాయి, ఫలితం కదల్లేదు.

అప్పుడు ఒక మెకానిక్ పిస్టల్ విప్పి నా ముందు పెట్టాడు. "సార్, ఇందులో బ్యారెల్ బిగించి లేదు, కదులుతోంది. గురి ఎలా నిలుస్తుంది?" అన్నాడు. ఇంజన్లు విప్పే చేతులు కదా, కదిలే భాగం కనబడితే అనుమానం వస్తుంది. అనుమానం మంచిదే. ఇలాంటి పిస్టళ్లలో తూటా పేలగానే బ్యారెల్, పైనున్న స్లైడ్ కొన్ని మిల్లీమీటర్లు కలిసే వెనక్కి వెళ్తాయి. ఈలోగా గుండు బయటపడి లోపలి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు బ్యారెల్ వెనక భాగం కిందికి వాలి, రెండింటినీ కలిపి ఉంచిన తాళం విడిపోతుంది. అమెరికా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ తెచ్చిన పద్ధతి, వందేళ్ల పైబడింది. ఇప్పటి సైనిక పిస్టళ్లలో చాలావాటి కడుపులో ఉన్నది ఇదే. రైఫిల్‌లో బ్యారెల్ కదలదు. దాని పక్కనుంచి కొంత వాయువును మళ్లించి, ఆ బలంతో, తూటా వెనక మూసి ఉండే బోల్టును తిప్పి తాళం తీస్తారు. తూటా గదిలో పుట్టే ఒత్తిడే ఈ తేడాకు మూలం. 9 మి.మీ. తూటాకు పెట్టిన హద్దు సుమారు 235 మెగాపాస్కల్స్, 5.56 మి.మీ. రైఫిల్ తూటాకు సుమారు 430.

మాటలతో ఎందుకని, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌తో చెప్పి పిస్టల్‌ను బిగింపు దిమ్మలో పెట్టించాను. మనిషి చెయ్యి తగలకుండా 50 మీటర్ల నుంచి పది రౌండ్లు. పదీ అరచేయంత చోటులో పడ్డాయి. మెకానిక్ ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. నిజానికి అతనికంటే ఎక్కువసేపు చూసింది నేను. తుపాకీలో లోపం లేదు. రెండు వారాల తర్వాత మనుషుల్లోనూ చెప్పుకోదగ్గ లోపం లేదు. మనిషికీ తుపాకీకీ మధ్య ఉన్న పట్టు దగ్గరే ఏదో ఉంది.

ఆ రాత్రి కూర్చుని ఎప్పుడో చేయాల్సిన లెక్క చేశాను. మా పిస్టల్‌లో గురి చూసే వెనక సైటుకూ ముందు సైటుకూ మధ్య దూరం 160 మి.మీ. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. 25 మీటర్ల దగ్గర గుండు దాదాపు 16 సెం.మీ. పక్కకు పోతుంది, 50 దగ్గర 31. అదే మిల్లీమీటరు తప్పు, సైట్ల మధ్య అర మీటరు ఉన్న పొడవాటి రైఫిల్‌లో జరిగితే 50 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లే. పరుగెత్తుకొచ్చి చక్రం వెనక కూర్చుని రొప్పుతున్నవాడి చేతిలో ఒక మిల్లీమీటరు జరగకుండా ఉంటుందా?

పట్టు సంగతీ అంతే. రైఫిల్ నాలుగుచోట్ల ఒంటికి ఆనుతుంది: భుజం, చెంప, రెండు చేతులు. పిస్టల్ చాచిన చేతుల చివర గాలిలో ఉంటుంది. పైగా నిండా నింపినా కిలో చుట్టుపక్కల తూగే వస్తువును కదలనివ్వకుండా, దాని ట్రిగ్గర్‌ను రెండున్నర కిలోల బలంతోనో అంతకు మించో నొక్కాలి. రైఫిల్‌లో కూడా ట్రిగ్గర్‌కు దాదాపు అంతే బలం కావాలి, కానీ లాగుతున్న వస్తువు మూడు కిలోల పైన ఉంటుంది. బరువు మోయడానికి కష్టమని తిట్టుకునే ఆ మూడు కిలోలే గురి నిలబెడతాయి.

ఇక తూటా. పిస్టల్‌లో మ్యాగజైన్ పిడి లోపలే ఉండాలి కాబట్టి తూటా పొడవును నిర్ణయించేది మనిషి అరచెయ్యి. 9 మి.మీ. తూటా మొత్తం పొడవు 30 మి.మీ. లోపే. 5.56 తూటా 57. అందులో పట్టే పేలుడు మందును బట్టే మిగతావన్నీ: 9 మి.మీ. గుండు 8 గ్రాములు, సెకనుకు 360 మీటర్లు, సుమారు 500 జౌల్స్ శక్తి. 5.56 గుండు దాని బరువులో సగమే, 4 గ్రాములు, కానీ పొడవాటి బ్యారెల్ నుంచి సెకనుకు 900 మీటర్ల పైన వెళ్తుంది, దాదాపు 1,700 జౌల్స్. 25 మీటర్లకు సరిచేసిన పిస్టల్‌తో 100 మీటర్ల దగ్గర కాలిస్తే గుండు గురి కంటే దాదాపు ఒక అడుగు కింద పడుతుంది. రైఫిల్‌కు ఆ దూరంలో గురి సర్దుకోవాల్సిన అవసరమే దాదాపు రాదు.

చెట్ల వరస 150 మీటర్ల దూరంలో ఉందని ముందే రాశాను కదా. డ్రైవర్లను గురి లేనివాళ్లని నేను రెండు వారాలు సతాయించాను.

రెండో ప్రయత్నం: పదాతి రైఫిల్

దళాధిపతికి లెక్క చూపిస్తే వెంటనే ఒప్పుకున్నాడు. స్టోరులో పదాతి దళం వాడే పూర్తి పొడవు రైఫిళ్లు మిగిలి ఉన్నాయి, ఒక్కోటి దాదాపు మీటరు. కొత్తగా కొనే పని లేదు, విడిభాగాలు ఉన్నాయి, తూటా ఎస్కార్టుదే. కాగితం మీద ఇంతకంటే మంచి పరిష్కారం దొరకదు. మూడు రోజుల్లో అందరూ 100 మీటర్లు గట్టెక్కారు. పిస్టల్‌తో అందరికంటే అధ్వానంగా కాల్చిన ట్యాంకరు డ్రైవరు, రైఫిల్‌తో పై ముగ్గురిలో నిలిచాడు. నేను సంతోషంగా నివేదిక మొదలుపెట్టాను.

అభ్యాసంలో చూస్తే, డ్రైవర్లు దిగారు, చక్రాల వెనక్కి చేరారు, చేతులు ఖాళీ. రైఫిళ్లు సీటు వెనక క్లిప్పుల్లో ఉన్నాయి.

మర్నాడు ఒక లారీలో సహాయకుడి సీట్లో కూర్చుని ఆపమన్నాను, దిగమన్నాను, మళ్లీ ఎక్కమన్నాను. పదిసార్లు. డ్రైవర్ ఎడమ చేత్తో తలుపు తీస్తాడు, కుడి చేత్తో పైనున్న కడ్డీ పట్టుకుంటాడు, కాలు మెట్టు మీదికి వెళ్తుంది. సీటు వెనక ఉన్న రైఫిల్ కావాలంటే నడుము మొత్తం వెనక్కి తిరగాలి. తిరిగి లాగితే మూతి స్టీరింగ్ చక్రంలో ఇరుక్కుంటుంది. లాగి తెచ్చినా రైఫిల్‌ను భుజాన వేసుకునే పట్టీ గేరు రాడ్‌కు చుట్టుకుంటుంది. ఒకసారి పట్టీతో పాటు గేరు కూడా పడింది, బండి ఆఫ్‌లో ఉంది కాబట్టి సరిపోయింది.

ఇంకోటి, దాడి లేనప్పుడు ఏం జరుగుతుందో చూశాను. టైరు మారుస్తారు, టార్పాలిన్ తాళ్లు బిగిస్తారు, ట్రైలర్ తగిలిస్తారు. మీటరు పొడవున్న రైఫిల్ వీపు మీద వేసుకుని లారీ కిందికి దూరలేరు. దాన్ని చక్రానికి ఆనించి వెళ్తారు. "రైఫిల్ ఏది?" అంటే "బండిలోనే ఉంది సార్" అంటారు, కానీ బండి నలభై అడుగుల అవతల ఉంటుంది. నడుముకున్న పిస్టల్ మాత్రం లారీ కిందికి కూడా వాళ్లతోనే వెళ్లింది.

సీనియర్ డ్రైవర్ ఒకాయన, నాకంటే పెద్దవాడు, టీ తాగుతూ అన్నాడు: "మీరు తుపాకీ ఎంత దూరం కాలుస్తుందో కొలిచారు సార్. నాకూ తుపాకీకీ మధ్య దూరం ఎవరూ కొలవలేదు."

ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకాల్సింది, ఎందుకంటే ఇదేం కొత్త సమస్య కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికా సైన్యం సరిగ్గా ఇక్కడే నిలబడింది. డ్రైవర్లు, మోర్టారు వాళ్లు, సిగ్నల్స్ వాళ్ల దగ్గర పిస్టల్ ఉంటే దూరం చాలదు, నాలుగు కిలోల పైన తూగే గారండ్ రైఫిల్ ఇస్తే పనికి అడ్డం. రెండింటి మధ్య 1941లో ఎంపికైనది ఎం1 కార్బైన్. కార్బైన్ అంటే రైఫిల్ కంటే పొట్టిగా, తేలిగ్గా ఉండే తుపాకీ. రెండున్నర కిలోల లోపు బరువు, 457 మి.మీ. బ్యారెల్, దానికోసమే చేసిన చిన్న తూటా. యుద్ధం ముగిసేలోపు 60 లక్షలకు పైగా తయారయ్యాయి. నాకు ఈ చరిత్ర తెలుసు, తరగతుల్లో చెప్పాను కూడా. నా ఎదురుగా ఉన్న లారీకి మాత్రం దాన్ని అన్వయించలేదు.

మూడో ప్రయత్నం: మరీ పొట్టివి

రైఫిల్ పొడవు సమస్య అని తేలగానే అందరి ఆలోచనా అటు చివరికి ఊగింది. ఆయుధాల శాఖ నుంచి వచ్చిన అధికారి, పిస్టల్‌కే తగిలించే, భుజానికి ఆనించుకునే స్టాక్ పెడదామన్నాడు. కొత్తగా ఏమీ నేర్పక్కర్లేదు అన్నది ఆయన వాదన. వాదన తీసిపారేసేది కాదు, భుజానికి ఆనితే గురి నిజంగానే మెరుగవుతుంది. కాకపోతే దీన్ని ఇదివరకే రెండుసార్లు గట్టిగా ప్రయత్నించారు. జర్మన్లు 1913లో ఫిరంగి దళాల కోసం లూగర్ పిస్టల్‌కు 200 మి.మీ. బ్యారెల్, చెక్క స్టాక్ ఇచ్చారు. సోవియట్లు 1951లో తెచ్చిన స్టెచ్కిన్ పిస్టల్‌కు దాన్ని పెట్టుకునే ఒర, అంటే హోల్‌స్టరే స్టాక్‌గా మారేది, ఆటోమేటిక్‌గా కూడా కాల్చేది. నడుముకు కట్టుకుంటే పిస్టల్‌కు ఎక్కువ, తీసి కాలిస్తే కార్బైన్‌కు తక్కువ. 1970ల చివర సోవియట్లు వాహన సిబ్బంది చేతికి పొట్టి కలష్నికోవ్, ఏకేఎస్-74యూ ఇవ్వడం మొదలుపెట్టారు. తూటా పిస్టల్‌దే అయినప్పుడు భుజానికి ఆనించినంత మాత్రాన అది 150 మీటర్ల తూటా అయిపోదు. ఇదే కారణంతో, పిస్టల్ తూటానే ఆగకుండా కాల్చే 9 మి.మీ. సబ్‌మెషిన్ గన్ కూడా పక్కన పెట్టాం. అరువు తెచ్చి కాల్చాం, ఎంత హాయిగా ఉందో చెప్పలేను, అయినా పక్కన పెట్టాం. పైగా ఎస్కార్టు తూటాలు దానికి పనికిరావు.

ఎఫ్ఎన్ పీ90, ఎంపీ7 లాంటి పొట్టి తుపాకులు ఈ అవసరం కోసమే పుట్టాయి. నాటో 1980ల చివర వెనక దళాలకు 9 మి.మీ. బదులు మంచిది కావాలంటే వాటికి ప్రత్యేకంగా 5.7, 4.6 మి.మీ. తూటాలు చేశారు. మా చర్చలో అవి ఎక్కువసేపు నిలవలేదు. ముప్పై మంది కోసం కొత్త తూటా సరఫరా మొదలుపెట్టే అధికారం ఆ గదిలో ఎవరికీ లేదు.

చివరికి 5.56 తూటానే కాల్చే, 250 మి.మీ. బ్యారెల్ ఉన్న పొట్టి కార్బైన్లు నాలుగు తెప్పించాం. క్యాబిన్లో చక్కగా ఇమిడాయి. నేనే ఎక్కువ మొగ్గు చూపాను. సాయంత్రం వెలుగు తగ్గాక కాల్పిస్తే అసలు రంగు బయటపడింది. 508 మి.మీ. బ్యారెల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన తూటా అది. బ్యారెల్ సగానికి కోస్తే మందు బయటికొచ్చి మండుతుంది. మూతి దగ్గర ఫుట్‌బాల్ అంత మంట, పక్కవాడికి దిమ్మతిరిగే చప్పుడు. మొదటి గుండు తర్వాత కాల్చినవాడికే కళ్లు బైర్లు కమ్మి లక్ష్యం కనబడలేదు. వేగం కూడా బాగా పడిపోతుంది. నాలుగింటిలో ఒక కార్బైన్ రెండుసార్లు జామ్ అయింది. వాయువు తీసుకునే రంధ్రం తర్వాత బ్యారెల్ తక్కువ మిగిలితే, బోల్టును నెట్టే వాయువుకు దొరికే సమయమూ తగ్గుతుంది. మంచి తయారీలో దాన్ని సరిచేసుకుంటారు. కానీ శుభ్రం చేసే అలవాటు అంతంతమాత్రంగా ఉన్న దళానికి ఓర్పు తక్కువ ఉన్న తుపాకీ ఇవ్వడం నాకు నచ్చలేదు.

ఏది పనిచేసింది

కుదిరింది మధ్యలోది: 370 మి.మీ. దగ్గర బ్యారెల్, లోపలికి జరిగే స్టాక్, ఖాళీగా మూడు కిలోల లోపు, స్టాక్ మూసి ఉంచితే ముప్పావు మీటరు. అమెరికా వాళ్ల ఎం4 కార్బైన్ కొలతలు దాదాపు ఇవే. రైఫిల్ కంటే కొంత వేగం తగ్గుతుంది, మంట కొంత పెరుగుతుంది. 150 నుంచి 200 మీటర్లలో ఆ నష్టం మా పనికి లెక్కలోది కాదు.

తుపాకీ మార్చడం మాత్రమే అయితే రెండో ప్రయత్నంలాగే ఇదీ పోయేది. ఈసారి ముందు క్యాబిన్ కొలిచాం. అట్టతో కార్బైన్ ఆకారం కత్తిరించి, డ్రైవరు మోకాలి పక్కన, తలుపు పక్కన, రెండు సీట్ల మధ్య పెట్టి చూశాం. సీట్ల మధ్య, మూతి కిందికి ఉండేలా నిలువు క్లిప్పు గెలిచింది. దిగేటప్పుడు కుడి చెయ్యి పైకడ్డీకి వెళ్లే దారిలోనే పిడి తగులుతుంది. మెకానిక్కులే ఆ క్లిప్పులు చేశారు. నేను గీసిన బొమ్మ కంటే వాళ్లు చేసింది బాగుంది.

పట్టీకి ఒక్కటే నియమం పెట్టాం: పట్టీ తలమీదుగా వేసుకోకుండా కాలు నేలకు తగలకూడదు. రెండువైపులా కట్టిన పట్టీ, బిగిస్తే వీపుకు అతుక్కుంటుంది, టైరు మార్చేటప్పుడు జారదు. మొదటి మూడు రోజులు ఒక్క రౌండూ కాల్చలేదు. దిగడం, ఎక్కడం, లారీ కిందికి దూరడం, అంతే. ఇవేం ఫైరింగ్ క్లాసులని గొణిగారు. నాలుగో రోజు రేంజ్‌కు వెళ్తే గురి గురించి నేను చెప్పాల్సింది కొంచెమే మిగిలింది.

పిస్టళ్ల సంగతి తేల్చడం ఇంకా కష్టమైంది. రెండూ ఉంచుదాం, అదనంగా ఉంటే పోయేదేముంది అని చాలామంది అన్నారు. పోయేది బరువు, శిక్షణ గంటలు. పిస్టల్, హోల్‌స్టర్, రెండో మ్యాగజైన్ కలిపిన బరువుకు బదులు కార్బైన్ మ్యాగజైన్లు రెండు మూడు మోయొచ్చు. గదుల్లోకి చొచ్చుకెళ్లే దళాలకు రైఫిల్ ఆగిపోయిన క్షణంలో శత్రువు నాలుగు అడుగుల దూరంలో ఉంటాడు, వాళ్లు పిస్టల్‌కు మారడం వేలసార్లు సాధన చేస్తారు. డ్రైవర్ కార్బైన్ ఆగితే ఎదురుగా ఉన్నది చెట్ల వరస, పక్కనే ఉన్నది చక్రం. చక్రం వెనక తల దాచుకుని కార్బైన్ సరిచేసుకోవడమే అతనికి మేలు. ఏడాదికి దొరికే కొద్ది గంటలను రెండు ఆయుధాలకు పంచితే రెండూ సగం సగమే వస్తాయి.

అందుకని పిస్టల్ కొందరికే ఉంచాం. క్రేను నడిపేవాడికి ఉంచాం, అతని క్యాబిన్ చుట్టూ లీవర్లే, కార్బైన్‌కు చోటు లేదు. బండి కింద పడుకుని పనిచేసే ఇద్దరు మెకానిక్కులకు ఉంచాం. దళంతో తిరిగే మెడిక్‌కు ఉంచాం, గాయపడినవాడి మీద రెండు చేతులూ ఉన్నప్పుడు భుజాన వేలాడే ఏ తుపాకీ అయినా ముందుకు జారి గాయం మీదే పడుతుంది. వీళ్లకు 10 మీటర్ల లోపు సాధన మాత్రమే, కానీ ఎక్కువసార్లు. ఎక్కడ దొరికితే అక్కడ, ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలో తీసి కాల్చడం.

పరీక్షలోంచి పిస్టల్ 50 మీటర్ల మెట్టు తీసేయమన్నప్పుడు శిక్షణ విభాగంతో గట్టిగా గొడవైంది. "మనుషులు పాసవట్లేదని ప్రమాణం దించుతున్నారు" అన్నారు. బిగింపు దిమ్మలోంచి కాల్చిన కాగితం, డ్రైవర్లు కాల్చిన కాగితాలు పక్కపక్కన పెట్టాను. ఆ రెండింటి మధ్య తేడాను శిక్షణతో కొంతవరకే పూడ్చగలమని, పూడ్చినా 150 మీటర్ల ప్రశ్న అలాగే ఉంటుందని చెప్పాను. మెట్టు తీయడానికి ఒప్పుకోలేదు, కార్బైన్‌కు మార్చి 100 మీటర్లు చేశారు. నాకు కావాల్సింది అదే కాబట్టి నేనిక మాట్లాడలేదు.

ఏం నేర్చుకున్నాను

ఎవరైనా "గురి లేదు" అంటే ఇప్పుడు మొదటి రోజే తుపాకీని దిమ్మలో బిగించి కాల్పిస్తున్నాను. అర గంట పని. తప్పు మనిషిదా, తుపాకీదా, అసలు పరీక్షదా అని విడదీయడానికి అంతకంటే చవకైన దారి నాకు తెలీదు. ఈ కేసులో డమ్మీ రౌండ్లతో బయటపడిన తప్పు నిజమైనదే కావడం నన్ను పక్కదారి పట్టించింది. నిజమైన చిన్న తప్పు దొరికితే పెద్దదాన్ని వెతకడం మానేస్తాం.

రైఫిల్ మంచిదా పిస్టల్ మంచిదా అని కొత్తవాళ్లు అడిగితే, పని చేసేటప్పుడు నీ రెండు చేతులూ ఎక్కడుంటాయి అని ఎదురు ప్రశ్న వేస్తున్నాను. ఆ తర్వాతే దూరం గురించి మాట్లాడతాను. కొలతల పట్టికలు చూసి పోల్చే అలవాటున్నవాళ్లకు ఇది నచ్చదు. సీటు వెనక ఉండిపోయిన 1,700 జౌల్స్ ఎవరికి ఉపయోగం?

ఒక విషయంలో నాతో ఇప్పటికీ ఏకీభవించని అధికారి ఉన్నాడు. అందరికీ రెండూ ఇచ్చి, గంటలు పెంచమంటాడు. గంటలు నిజంగా పెంచగలిగితే ఆయన మాట సరైనదే కావచ్చు. నేను చూసిన రవాణా దళాల్లో మాత్రం గంటలు పెరగడం చూడలేదు.

తర్వాత

ఆరు నెలలకు మళ్లీ వెళ్లాను. కార్బైన్లు మనుషులతోనే దిగుతున్నాయి. ఇద్దరు ముగ్గురివి విప్పి చూస్తే బోల్టు మీద నూనె, దుమ్ము కలిసి బురదలా పట్టుకుంది. క్లిప్పు నేలకు దగ్గరగా ఉంది, కాళ్ల దుమ్మంతా దాని మీదికే. నాసిరియా దాడి మీద అమెరికా సైన్యం తయారుచేసిన నివేదికలో ఎడారి దుమ్ములో ఆయుధాలను సరిగ్గా చూసుకోకపోవడం వల్లే తుపాకులు మొరాయించి ఉండవచ్చన్న మాట ఉంది. ఆ పేరా చదివి వినిపించాను. క్లిప్పును ఒక జానెడు పైకి జరిపించి, ఇంజన్ ఆయిల్ చూసే రోజువారీ పట్టికలోనే కార్బైన్ శుభ్రం చేసే గడి చేర్పించాను. డ్రైవర్లు ఆ పట్టికను ఎప్పుడూ ఎగ్గొట్టరు.

క్రేను డ్రైవర్ దగ్గర కొత్త చిక్కు దొరికింది. నడుముకున్న పిస్టల్ మీదికి సీటు బెల్టు వస్తోంది, కూర్చున్నప్పుడు తీయలేకపోతున్నాడు. అతనే హోల్‌స్టర్‌ను ఛాతీకి మార్చుకున్నాడు. ఇప్పుడు తేలిగ్గా వస్తోంది, కానీ అతను లీవర్ కోసం ముందుకు వంగినప్పుడల్లా మూతి పక్కన నిలబడి సైగలు చేసేవాడి మోకాలి వైపు తిరుగుతోంది. వాలు తగ్గించి రెండు రకాల కోణాలు కట్టించి, ఖాళీ పిస్టల్‌తో వారం నడపమన్నాను. ఏది కుదిరిందో వాళ్ల దగ్గర్నుంచి ఇంకా కబురు రాలేదు.